మొఱపెట్టుకొనుట నేరమా?

ఒకడు మఱియొకనిని కొట్టెను. దెబ్బ తిన్నవాడు పెద్దలయొద్దకు పోయి తన బాధను చెప్పుకొనెను. చెప్పుకొన్నందులకు మొదటివాడు వానిని మఱల కొట్టెను. ఈ రెండు దెబ్బలలో ఏది పెద్ద నేరము? నొప్పినిబట్టి కొలిచినచో రెండును సమానమని తోచవచ్చును. ఒక్కొక్కప్పుడు రెండవ దెబ్బ మొదటిదానికంటె తేలికగా కూడ ఉండవచ్చును. అయినను ఆలోచించినకొలదియు నాకు రెండవదే ఘోరతరముగా కనబడుచున్నది. మొదటి దెబ్బవలన ఒక మనుష్యుడు బాధపడెను. అతనికి న్యాయము జరుగుటకు త్రోవ యింకను తెఱచియే యుండెను. రెండవ దెబ్బ ఆ త్రోవనే మూసివేయ నెంచినది. అంతియకాదు, చుట్టును నిలిచి చూచుచున్నవారికందఱికిని, రేపు తమకు దెబ్బ తగిలినచో నోరు మెదపరాదని అది నేర్పినది.

ఈ ప్రశ్నను కొలువులకు, అందును మతమునుబట్టి కొలువులలో జరుగు అన్యాయమునకు అన్వయించి విచారింపవలెనని నా యుద్దేశము. ఇది న్యాయవాదులకు మాత్రమే సంబంధించిన విషయమని పాఠకులు తలంపకుందురు గాక. మనలో కొందఱు కొలువు చేయువారు, కొందఱు కొలువిచ్చువారు. ఇంట ఒక వంటమనిషినో, పనిమనిషినో, కారు నడుపువానినో పెట్టుకొన్న ప్రతి గృహస్థుడును కొలువిచ్చువాడే. కావున ఈ విచారణ ఎంత దూరము పోయినను తుదకు మన వాకిటికే తిరిగి రావలసియుండును.

మతవివక్ష తక్కిన వివక్షలవంటిదే యయ్యును దానియందొక విశేషము కలదు. మతము మనసులో దాగియుండు విశ్వాసము మాత్రమే యైనచో దానితో ఎవరికిని పేచీ యుండదు. కాని యది ఆహారమున కనబడును. తలపాగలో, గడ్డములో, బొట్టులో, మెడలోని సిలువలో, తలమీది ముసుగులో కనబడును. ఈ దినమున పనిచేయను, ఈ వేళ ప్రార్థన చేసికొందును అను నియమములో కనబడును. కడపట పేరులోనే వినబడును. చెప్పులను గుమ్మమువద్ద విడిచినట్లు వీనిని విడిచి మనుష్యుడు పనికి రాలేడు. యజమానుడు జీతమిచ్చి కొనునది పనిని. కాని పనితోపాటు మనుష్యుడే వచ్చును. ఆ మనుష్యునిలో తనకు నచ్చని భాగమును బయట నిలిపి, తక్కినదానిని మాత్రమే లోనికి రానిచ్చెదనని యజమానుడు పట్టుపట్టినపుడు వివక్ష పుట్టుచున్నది. ఒప్పుకొననిచో పోవునది కూడు. అందుచేతనే వీథిలో సహింపని మాటను మనుష్యుడు కొలువులో సహించును.

ఈ విషయమున అమెరికాదేశపు అనుభవమును ముఖ్యముగా తీసికొనుచున్నాను. అక్కడివారు మనకంటె ఉత్తములని కాదు. అరువది సంవత్సరములకు పైగా వారు ఈ ప్రశ్నను న్యాయస్థానములలో బహిరంగముగా తర్కించుచు, తప్పుచు, దిద్దుకొనుచు వచ్చిరి. వారి తప్పులనుండియు దిద్దుబాటులనుండియు మనము నేర్చుకొనదగినది చాల కలదు. పైగా మన తెలుగు కుటుంబములలో అనేకములకు బిడ్డలు అక్కడి కొలువులలోనే యున్నారు.

అక్కడి 1964వ సంవత్సరపు పౌరహక్కుల శాసనములోని యేడవ ప్రకరణము, 15 మందికి తక్కువకాని పనివారు గల యజమానులు జాతి, వర్ణము, మతము, స్త్రీపురుషభేదము, పుట్టిన దేశము అను వీనినిబట్టి ఉద్యోగములందు భేదము చూపరాదని విధించినది. మతమనగా విశ్వాసము మాత్రమే కాదు, ఆచారము కూడ ననియు, యజమానునికి మితిమీఱిన యిబ్బంది కలుగనంతవఱకు ఆ యాచారమునకు సదుపాయము చేయవలె ననియు 1972లో చేసిన సవరణ స్పష్టపఱచినది. ఆ శాసనమునందే మఱియొక నిబంధన కలదు. ఇట్టి యన్యాయమును ఎదిరించినందులకు గాని, ఫిర్యాదు చేసినందులకు గాని, విచారణలో సాక్ష్యమిచ్చినందులకు గాని, తోడ్పడినందులకు గాని ఎవ్వరిమీదను కక్ష తీర్చుకొనరాదు. ఈ రెండవ నిబంధన లేకున్నచో మొదటిది కాగితముమీదనే యుండిపోవును.

మొదటి యన్యాయము ఎట్లుండునో చూతము. 2008లో ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా నగరమున 17 ఏండ్ల ముస్లిము బాలిక యొకతె తలకు ముసుగు కప్పుకొని ఒక వస్త్రముల దుకాణమునకు ఉద్యోగార్థము వచ్చెను. ఆమెతో మాటాడిన అధికారిణి ఆమె పనికి తగినదనియే యెంచెను. కాని ముసుగు దుకాణపు వేషనియమమునకు విరుద్ధమని పైయధికారి చెప్పుటచే ఉద్యోగము తప్పిపోయెను. ఆ ముసుగు మతనియమమని ఆ బాలిక తానై చెప్పలేదు గదా యని దుకాణమువారు వాదించిరి. 2015లో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. యజమానునికి నిశ్చయముగా తెలిసెనా లేదా అనునది ప్రశ్న కాదు. ఆమె మతాచారమునకు సదుపాయము చేయవలసివచ్చునేమో యను తలంపే నిరాకరణకు ప్రేరకమయ్యెనా అనునదే ప్రశ్న యని తీర్మానించెను. తెలియదనుటకును, తెలిసికొనుట కిష్టము లేకుండుటకును గల భేదమును ఈ తీర్పు చక్కగా చూపినది.

సదుపాయము ఎంతవఱకు చేయవలెనను విషయమున ఆ న్యాయస్థానము తన మాటను సవరించుకొనుటకు 46 సంవత్సరములు పట్టెను. కాన్సాసు సిటీలో ఒక విమానసంస్థ గుమాస్తా, శనివారమును విశ్రాంతిదినముగా పాటించువాడు, ఆ దినమున పనికి రానందున ఉద్యోగమును పోగొట్టుకొనెను. అతని వ్యాజ్యెమున 1977లో కోర్టు, స్వల్పమునకు మించిన ఖర్చు ఏదైనను మితిమీఱిన యిబ్బందియే యని పలికెను. ఆ మాట చాలకాలము యజమానులకు గొప్ప ఆశ్రయమయ్యెను. 2023 జూన్ 29న, ఆదివారము పంపకమునకు పోనన్న ఒక పెన్సిల్వేనియా తపాలా ఉద్యోగి వ్యాజ్యెమున, న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ యర్థమును త్రోసిపుచ్చి, ఆ వ్యాపారపు స్థితినిబట్టి చూడగా గణనీయమైన భారము కలుగుననిన తప్ప సదుపాయమును నిరాకరింపరాదనిరి. ఒక మతముపట్ల గాని మతాచారముపట్ల గాని తోడి యుద్యోగులకు గల అయిష్టమును యజమానుడు తన యిబ్బందిగా లెక్కింపరాదని కూడ చెప్పిరి. ఈ కడపటి మాటను మనము జ్ఞాపకముంచుకొనవలెను. "నాకు అభ్యంతరము లేదు గాని, తక్కినవారు ఒప్పుకొనరు" అను సమాధానము మన యిండ్లలోను వీథులలోను ఎంత తఱచుగా వినబడునో యెఱుగనివారెవరు?

ఇక రెండవ యన్యాయము. ఈ శాసనమును, దానితోపాటు ఇట్టివే మఱికొన్నింటిని అమలుజరుపుటకు అక్కడ సమానోద్యోగావకాశ సంఘ మొకటి కలదు. 2020వ ఆర్థిక సంవత్సరమున దానికి వచ్చిన ఫిర్యాదులు 67,448. వానిలో మతవివక్షను చెప్పినవి 2,404. ప్రతీకారమును చెప్పినవి 37,632, అనగా నూటికి 55కు మించినవి. ఒకే ఫిర్యాదులో రెండు మూడు కారణములు చెప్పవచ్చును గనుక ఒకదానిలో చేరినది మఱియొకదానిలో కూడ చేరును. ఫిర్యాదు వచ్చినంతమాత్రమున అది సత్యమని సిద్ధింపదు. అయినను జాతి, మతము, స్త్రీత్వము, వార్ధక్యము, అంగవైకల్యము అను వీనిలో దేనికంటెను ప్రతీకారమే యెక్కువమంది నోట వచ్చుచున్న దనిన, దానికి మనుష్యస్వభావమునందే కారణము ఉండవలెను.

ఆ కారణము నాకు తోచినది చెప్పుచున్నాను. మతద్వేషము అందఱియందును ఉండదు; కాని తన్ను తప్పుపట్టినవానిమీద కోపము రానివాడు అరుదు. వివక్షకు భేదబుద్ధి కావలెను. ప్రతీకారమునకు అభిమానభంగ మొక్కటియే చాలును. నిజముగా భేదబుద్ధి లేని మంచివాడు కూడ ఇందులో పడును. మఱింత తొందరగా పడును కూడ. ఏలయన అతడు తన మంచితనమును నమ్ముకొని యున్నాడు. దానిని శంకించినవాడు అతనికి కృతఘ్నుడుగా కనబడును. "నేను అట్టివాడనా?" యని మొదట బాధపడును. ఆ మీదట ఫిర్యాదు చేసినవాడు అతని కంటికి అసత్యవాది యగును, కొన్ని దినములకు పని రానివాడగును, మఱికొన్ని దినములకు ఎవరితోను కలియనివాడగును, తుదకు అక్కఱలేనివాడగును. ఇందులో ఏ మెట్టువద్దను తాను పగ సాధించుచున్నానని అతనికి తోచదు.

కావుననే ప్రతీకారము కోపపు ముఖముతో రాక, క్రమశిక్షణ రూపమున వచ్చును. హాజరుపట్టీలో ఎఱ్ఱసిరా గుఱుతులు మొదలగును. సమావేశమునకు పిలుపు రాదు. పనివేళ మాఱును. బదిలీ యుత్తరువు వచ్చును. 2006లో అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పిన యొక వ్యాజ్యెము దీనికి మంచి నిదర్శనము. అది మతమునకు కాక స్త్రీత్వమునకు సంబంధించినది. కాని అందేర్పడిన కొలత మతవిషయిక ఫిర్యాదులకును చెల్లును. టెన్నెస్సీలోని రైల్వేయార్డునందు సామానులెత్తు యంత్రమును నడుపుచుండిన ఒక స్త్రీ, పైవాడు తన్ను అవమానించుచున్నాడని ఫిర్యాదు చేసెను. తరువాత ఆమెను ఆ యంత్రమునుండి తీసి పట్టాలవద్ద కాయకష్టపు పనికి పంపిరి. పిదప ధిక్కారమను ఆరోపణపై 37 దినములు జీతము లేకుండ నిలిపివేసిరి. ఆ పిమ్మట ఆమెయందు ధిక్కారము లేదని తేల్చి ఆ జీతమును ఇచ్చివేసిరి. జీతము ఇచ్చివేసితిమి గదా, నష్టమేమి? యని రైల్వేకంపెనీ వాదము. వివేకము గల సామాన్యపు పనివానిని ఫిర్యాదుకు వెనుదీయునట్లు చేయదగిన చర్య యేదైనను ప్రతీకారమే యగునని కోర్టు నిర్ణయించెను. 37 దినములు జీతము లేని యింట పొయ్యి యెట్లు వెలిగెనో ఊహింపగలవారికి ఈ నిర్ణయమందలి న్యాయము వేఱుగా చెప్పనక్కఱలేదు.

చర్యను సందర్భమునుండి విడదీసి తూచరాదని కూడ ఆ తీర్పు చెప్పినది. పనివేళ మార్పు చాలమందికి లెక్కలేనిది కావచ్చును. బడికి పోవు పిల్లలు గల తల్లికి అది దుర్భరము కావచ్చును. ఈ మాట అక్కడ ఉద్యోగవీసాపై నున్న మన తెలుగు యువకులకు మఱింతగా వర్తించును. ఆ దేశమున వారి నివాసము యజమానునితో ముడిపడియున్నది. 2017 నుండి అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము, ఉద్యోగము పోయినవారికి దొరకు గడువు 60 దినములకు మించదు. అట్టివారికి ఉద్యోగము పోవుటయనగా జీతము పోవుట మాత్రమే కాదు. ఇల్లు, పిల్లల బడి, దేశము అన్నియు ఒక్కసారిగా కదలిపోవుట. పైయధికారి ముఖము ముడుచుకొన్నంతనే వారు మాట మ్రింగుకొందురు. వారి యోర్పును చూచి, ఈ కార్యాలయమున అన్యాయమే లేదని యెవరైన అనుకొన్నచో అది యెంత భ్రాంతి!

ప్రతీకారమును నిరూపించుట యెంత కష్టమో తెలిసికొనుటకు మఱియొక వ్యాజ్యెము కలదు. టెక్సాసు రాష్ట్రమున ఒక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమందు అధ్యాపకుడుగా నుండి, దానికి అనుబంధమైన ఆసుపత్రిలో చికిత్స చేయుచుండిన వైద్యుడొకడు మధ్యప్రాచ్య సంతతివాడు. పైయధికారిణి తన జాతిమతములను బట్టి తన్ను బాధించుచున్నదని అతడు భావించి, అధ్యాపకపదవిని విడిచి ఆసుపత్రిలోనే నేరుగా ఉద్యోగము కుదుర్చుకొనెను. తన రాజీనామాకు అరబ్బులపైనను ముస్లిములపైనను గల పక్షపాతమే ముఖ్యకారణమని లేఖ వ్రాసెను. ఆ లేఖ వెలువడిన పిమ్మట విశ్వవిద్యాలయమునందలి యొక పెద్ద యధికారి అడ్డుచెప్పుటచే ఆసుపత్రివారు ఉద్యోగమును ఉపసంహరించుకొనిరి. ఆసుపత్రి వైద్యపదవులను విశ్వవిద్యాలయ అధ్యాపకులకే యీయవలెనను ఒడంబడిక కలదని విశ్వవిద్యాలయము సమాధానము చెప్పెను. జ్యూరీ వైద్యుని పక్షము వహించెను. 2013లో సుప్రీముకోర్టు, ఐదుగురొకవైపును నలుగురొకవైపును చీలి, పగ ఒకానొక కారణమైనంత చాలదు, ఆ పగయే లేకున్న ఆ చర్య జరిగియుండదని చూపవలెనని తీర్మానించి, వ్యాజ్యెమును క్రింది కోర్టుకు త్రిప్పి పంపెను.

న్యాయస్థానమున ఇంత బరువైన నిరూపణభారమును బాధితునిమీద మోపుట తగునా యని పండితులు తర్కింతురు గాక. ఆ నలుగురు న్యాయమూర్తులకే అది సమ్మతము కాలేదు. కాని అంతరాత్మ యను న్యాయస్థానమున ఈ "లేకున్న" యను ప్రశ్న మిక్కిలి మేలైన కొలత. అతడు ఫిర్యాదు చేయకయే యుండినచో నేను ఈ పని చేసియుందునా? ఈ ప్రశ్నకు ఇతరులు సాక్ష్యములు వెదుకవలెను. మనకు మాత్రము సమాధానము ముందే తెలియును.

ఇచట ఒక న్యాయమైన యాక్షేపమును వినవలెను. పని సరిగా చేయనివాడు, తన్ను తొలగింపబోవుచున్నారని పసిగట్టి, ముందుగా ఒక ఫిర్యాదు వ్రాసి దానిని డాలుగా పట్టుకొనవచ్చును గదా? ఐదుగురు న్యాయమూర్తులను వెనుకాడించిన భయములలో ఇదియు నొకటి. మఱియు, చేయని నేరము మోపబడినవాని బాధ బాధ కాదా? బాధయే. మతద్వేషి యను నింద చిన్నది కాదు. అయినను నింద యబద్ధమైనచో అది విచారణలో తేలవలెను గాని దండనలో తేలరాదు. మొదటి నేరమున నిర్దోషియైనవాడు పగ సాధించి రెండవ నేరమునకు తానై పాత్రుడగుచున్నాడు. అమెరికా న్యాయస్థానములలో వివక్షారోపణ వీగిపోయినను, సద్బుద్ధితో, తగిన కారణముతో ఫిర్యాదు చేసెనని తేలినచో ప్రతీకారపుటారోపణ వేఱుగా నిలువగలదు. ఇక డాలు మాట. ఫిర్యాదు చేసినవానికి సోమరితనమునకు సెలవుచీటి దొరకినట్లు కాదు. ఇతరులు అదే తప్పు చేసినపుడు ఏ శిక్ష విధించితిమో అదే శిక్షను, అదే వేళకు, అదే కాగితముమీద వానికిని విధింపవచ్చును. అంతకు మించినది ఒక గోరంతయైనను ఫిర్యాదుకు చెల్లించిన మూల్యమే.

సాక్షుల విషయము కూడ ఇక్కడనే చెప్పదగినది. 2009లో ఆ కోర్టు, తానై ఫిర్యాదు చేయక, సంస్థవారు విచారణలో అడిగినందున జరిగినది చెప్పిన ఉద్యోగినికి కూడ శాసనరక్షణ కలదని నిర్ణయించెను. మగడు కొట్టినందులకు కాదు, తోడికోడలు నవ్వినందులకు ఏడ్చినదని మన సామెత. ఆ మాటను మనము పరిహాసముగా వాడుచున్నాము గాని, అందు నిజము లేకపోలేదు. కొట్టినవాడు ఒక్కడు, చూచి యూరకున్నవారు పదిమంది. ఆ పదిమందిలో ఒక్కడు "నేను చూచితిని" అనినచో దెబ్బ తిన్నవాని బాధ సగము తగ్గును. ఆ యొక్కనికి వచ్చు భయమును తొలగింపని సంస్థలో విచారణలు జరుగును గాని సత్యము బయటపడదు.

ఇదంతయు పరదేశపు కథ యని మనము దూరముగా నిలువ వలనుపడదు. ప్రతీకారమునకు మన భాషలో ఒక పాతపేరు కలదు, అది వెలి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించినపుడు, అందు పాల్గొన్నవారిని ఎదిరిపక్షమువారు వాదముతో గెలువ జూచుట కంటె వెలితో గెలువ జూచుటయే యెక్కువ. వంటవారు, నీళ్లు మోయువారు రాకపోగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తానే నీరు మోసి తెచ్చి వంట చేసిరి. వెలియొక్క యుద్దేశము ఆ దంపతులను బాధించుట మాత్రమే కాదు; రెండవ వివాహమునకు పురోహితుడు దొరకకుండ చేయుట. కొలువులలోని ప్రతీకారపు టుద్దేశమును సరిగా ఇదియే. మనము నేడు ఆ మహనీయులను పొగడుచున్నాము. పొగడుట సులభము, మన చేతిలోని చిన్న వెలులను గుర్తించుట కష్టము.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమందలి 16వ అధికరణము, ప్రభుత్వోద్యోగములందు మతమునుబట్టి భేదము చూపరాదని శాసించినది. కాని అది ప్రభుత్వమునకు విధించిన కట్టుబాటు. ప్రైవేటు కొలువులన్నిటికిని వర్తించునట్లు మతవివక్షను నిషేధించు సమగ్ర శాసనము మనకు ఇంకను లేదు. అమెరికా శాసనము కూడ 15 మందికి తక్కువగా పనివారు గల చోటికి పోదని పైన చెప్పితిని. కావున ఒక వంటమనిషిని పెట్టుకొన్న యింటికి ఆ దేశమున ఆ శాసనము రాదు. మన దేశమున అట్టి శాసనమే లేదు. అక్కడ న్యాయమూర్తియు, నిందితుడును, దండాధికారియు ఆ గృహస్థుడే.

ఇంత చెప్పిన నేను నిర్దోషిని కాను. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట వంటచేయుచుండిన ఆమె క్రైస్తవురాలు. ఆమె మతమును గుఱించి మా యింట ఎవ్వరును ఒక్క పరుషవాక్యమైనను ఆడలేదు. భేదములు పాటింపని కుటుంబమని బంధువులలో మాకు పేరుండెను. ఆ పేరు నాకు ప్రియముగనే యుండెను. ఆదివారము ఉదయము ఆమె ప్రార్థనకు పోయి పదకొండు గంటలకు వచ్చునట్లు మొదటనే యేర్పాటు. కాని మా యింటికి చుట్టములు వచ్చునది తఱచుగా ఆదివారములే. "ఈ యొక్క వారము" అని ఆమెను నిలుపుచు వచ్చితిమి. కొన్నాళ్లకు ఆ యేర్పాటును మేము మఱచితిమి, ఆమె మఱవలేదు. ఒకనాడు ఎదురింటి పెద్దావిడతో, "అమ్మగారి పూజకు గడియ ఆలస్యమైతే ఒప్పుకోరు. నా ప్రార్థన మాత్రం వాళ్లకు లెక్కలేదు" అని చెప్పుకొనెను. ఆ మాట మా చెవిని పడెను.

ఆనాడు మా కోపమునకు మేర లేదు. నేనును నా భార్యయు, "మనలను గుఱించియా ఈ మాట!" అని ఒకరితో నొకరు చెప్పుకొంటిమి. ఆ మాట నిజమా కాదా యని మాత్రము ఇద్దఱిలో ఒక్కరమును అడుగలేదు. మఱునాటినుండి ఆమె వచ్చు వేళను గోడగడియారమున చూడసాగితిమి. అంతవఱకు నూనె యెంత ఖర్చగునో మేము చూచి యెఱుగము, అప్పుడు చూచితిమి. అంతకుముందు పింగాణిగిన్నె పగిలినచో పోనిమ్మనెడివారము. ఆ నెలలో పగిలినది లెక్కకెక్కెను. రెండు నెలలకు, ఆలస్యముగా వచ్చుచున్నదని చెప్పి ఆమెను మానిపించితిమి. ఆమె వాదింపలేదు. "పిల్లలు అడిగితే ఊరెళ్లిందని చెప్పండి, అయ్యగారూ" అని మాత్రము చెప్పి వెళ్లెను.

ఆమె ఆలస్యముగా వచ్చుచుండుట నిజమే. ఏ న్యాయస్థానముననైనను ప్రమాణము చేసి ఆ మాట చెప్పగలిగియుందును. కాని ఆలస్యము మూడేండ్లనుండి యుండెను. మా కోపము రెండు నెలలనుండి యుండెను. మేము చెప్పినది సత్యము. కారణము మాత్రము అది కాదు. ఆ తరువాత మా యింటిని గుఱించి ఆ వీథిలో ఏ పనిమనిషియు ఏమియు అనినట్లు నేను వినలేదు. ఆ నిశ్శబ్దమును చాలకాలము మా మంచితనమునకు నిదర్శనముగా భావించితిని. అది ఆమెకు జరిగినదానిని చూచిన తక్కినవారి జాగ్రత్త యని నాకు తోచుటకు చాల సంవత్సరములు పట్టెను. మొదటి తప్పును, అనగా ఆదివారములను, ఒక్కమాటతో దిద్దుకొనగలిగియుందుము. ఆమె చెప్పుకొన్న మాటయే మాకు ఆ యవకాశమును తెచ్చియిచ్చినది. తెచ్చియిచ్చినదానినే మేము శిక్షించితిమి.

కావున చదువరులతో రెండు మాటలు మనవిచేసి ముగించెదను. ఇంటగాని, కార్యాలయమునగాని, మనమీద ఎవరైన మొఱపెట్టుకొన్నారని విన్నపుడు, ఆ మనుష్యుని విషయమున మన తీర్పును మనమే నమ్మరాదు. ఆ కోపము చల్లాఱువఱకు వారి జీతమును గుఱించి గాని, వేళను గుఱించి గాని, తొలగింపును గుఱించి గాని ఒంటరిగా నిశ్చయింపక, ఆ విషయముతో సంబంధము లేని యొకరిని అడుగవలెను. ముందు మొఱను విచారింపవలెను. మొఱపెట్టినవారి తప్పులను, ఉన్నచో, తరువాత విచారింపవచ్చును.

రెండవది మన బిడ్డలకు మనమిచ్చు ఉపదేశమును గుఱించినది. కొలువులో అన్యాయము జరిగినదని వారు చెప్పగా, "నీకెందుకు నాయనా, తల వంచుకొని పని చేసికొమ్ము" అని మనమందుము. ప్రేమచేతనే అందుము. వారికి రాగల యాపద నిజమైనది గనుక ఆ ప్రేమను నేను నిందింపను. కాని అదే బిడ్డ రేపు పైయధికారియై కూర్చుండును. తలవంచుటయే వివేకమని మనవద్ద నేర్చుకొన్నవాడు, తనముందు తల యెత్తినవానిని ఏమని చూచును? అందుచే ఆ యుపదేశముతోపాటు, తన క్రింద పనిచేయువారిలో ఎవ్వరును తన భయముచేత తల వంచవలసిన యవసరము లేకుండ చూచుకొమ్మని కూడ వానికి చెప్పవలెను. మన యింట పనిచేయువారు మనమీద మొఱపెట్టుకొనియు మఱునాడు వెఱపులేక మన గుమ్మము దాటి లోనికి రాగలిగిననాడు, మనము సంస్కారము గలవారమని చెప్పుకొనుటకు కొంత హక్కు కలుగును.